జీపు చెక్కల కింద ఘాటు

మా జీపు వయసులో నాకంటే పెద్దది. ఏదో ప్రభుత్వ ఆఫీసువాళ్ళు వేలం వేస్తే మామయ్య గారు కొన్నారు. గుడ్డ టాపు, బానెట్టు మీదికి మడిచే ముందద్దం, గేరు రాడ్డు పక్కనే ఇంకో చిన్న రాడ్డు. ఆ చిన్నది లాగితే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుంది. చిలకలూరిపేట దాటాక మా పొలాలకు వెళ్ళే డొంకలో వానాకాలం అదే దిక్కు. నల్లరేగడి తడిస్తే కాలి చెప్పునే వదలదు, కారును ఎక్కడ వదులుతుంది? వానల్లేని రోజుల్లో ఆ జీపు మిరపకాయలు మోసింది. కల్లంలో ఎండిన కాయను టిక్కీల్లో, అంటే పెద్ద గోనె బస్తాల్లో, తొక్కి నింపి వెనక పేర్చుకుని కోల్డ్ స్టోరేజీకి చేర్చేవారు. మినీ లారీ కొన్నాక జీపు షెడ్డులో పడింది.

దాన్ని షెడ్డులోంచి బయటికి తీయించింది నేను.

డిగ్రీలో నేను చదివింది భూగర్భశాస్త్రం. క్లాసు గోడకు నేలల పటం ఒకటి వేలాడుతూ ఉండేది. అందులో నల్లరేగడికి ముదురు బూడిద రంగు వేశారు. మా గుంటూరు, ప్రకాశం వైపు ఒక మచ్చ. నల్లమల దాటాక నంద్యాల దగ్గర ఇంకొకటి. ఆదోని, రాయచూరు, షోలాపూరు మీదుగా అది వెడల్పయి గుజరాత్‌లోకి పాకి, కచ్‌లో ఉప్పునేల మొదలయ్యేచోట ఆగిపోయేది. పాఠం వింటూ ఆ రంగు వెంట కళ్ళతోనే నడిచేదాన్ని. నేను పుట్టి పెరిగిన మట్టి ఎక్కడ అయిపోతుందో చూడాలన్న కోరిక అప్పటిది. పెళ్ళయి, పాప పుట్టి, పాపకు నాలుగో ఏడు వచ్చినా పోలేదు.

పత్తి తీసే కాలంలో వెళ్ళాలనుకున్నాను. అప్పటికి నేల ఆరి ఉంటుంది, దారి పొడుగునా చేలు తెల్లగా ఉంటాయి. తారురోడ్డు మీంచి చూస్తే పంట కనిపిస్తుంది గానీ మట్టి కనిపించదు, అందుకని డొంకల్లోకి దిగగలిగే బండి కావాలి. మా ఆయనతో ఈ మాట అంటే, "ఆ డొక్కు జీపులో కచ్‌దాకానా?" అని నవ్వారు. కాసేపటికి చూస్తే షెడ్డులో బానెట్టు ఎత్తి ఉంది. ఆయనది ట్రాక్టరు విడిభాగాల షాపు. పాత ఇంజను కనిపిస్తే చేతులు ఊరుకోవు.

నేను భయస్తురాలిని. పాప నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో చూడ్డానికి ఇప్పటికీ లేస్తాను. అయినా భయపడుతూనే పనులు చేసుకుపోవడం నాకు అలవాటు. పాపకు చలికాలంలో ఆయాసం వస్తుంది, మందు ఆవిరి పట్టే మిషను పెడితే తగ్గుతుంది. ఆ మిషను జీపులో కూడా నడవాలన్నాను. మా ఆయన సీటు కింద ఇంకో బ్యాటరీ బిగించారు. రేడియేటరు మార్చారు, బ్రేకులు చేయించారు, పాప సీటుకు బెల్టు పెట్టించారు. పిల్లల డాక్టరు గారిని అడిగితే, శుభ్రంగా వెళ్ళిరండి, ఏది పడటం లేదో కనిపెట్టి దానికి మాత్రం దూరంగా ఉంచండి అన్నారు.

ఏది పడటం లేదో మాకు తెలిసిపోయింది. జీపే.

మొదటిసారి పాపను ఎక్కించుకుని పెదకాకాని గుడికి బయల్దేరాం, బండి పూజకు. సగం దారిలో దగ్గు మొదలైంది. గుడి దగ్గర దిగాక తగ్గింది. తిరిగి వస్తుంటే మళ్ళీ పట్టుకుంది, ఇంటికి వచ్చేసరికి ముఖం ఎర్రబడింది. పొగేనన్నారు మా ఆయన. సైలెన్సరు మార్చారు, అడుగున చిల్లులన్నీ పూడ్చారు. మళ్ళీ తిప్పి చూశాం, మళ్ళీ అదే దగ్గు. ఇంజను ఆపి షెడ్డులో నిలబెట్టినప్పుడు మాత్రం పాప స్టీరింగు పట్టుకుని ఎంతసేపైనా ఆడుకునేది. కాబట్టి పొగేనని ఇంట్లో అందరం తీర్మానించేశాం.

అత్తయ్య గారు ఒక ఉపాయం చెప్పారు. "పిల్లని నా దగ్గర వదిలి మీరిద్దరూ వెళ్ళిరండమ్మాయ్. నీ మొగుణ్ణి పెంచింది నేనేగా."

"అందుకే కదత్తయ్యా నా భయం," అన్నాను.

ఆవిడ నవ్వారు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. నా మాట కూడా నేను తేల్చి చెప్పాను. పాప లేకుండా నేను వెళ్ళను. ఒక పూటంతా ఆ బండిలో దగ్గకుండా కూర్చుంటేనే ప్రయాణం, లేదంటే జీపు మళ్ళీ షెడ్డుకే. మా ఆయన స్పానర్లు సర్దుకున్నారు. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆయన షెడ్డు వైపు వెళ్ళలేదు. నేను గోడ మీది పటాన్ని తలుచుకోవడం మానేయాలని చూశాను.

అంతలో కాలేజీలో నా రూమ్మేటు ఒక పెళ్ళికని మా వైపు వచ్చింది. తనది విజయనగరం. అమరావతి చూస్తానంటే, మా కారును ఆయన షాపు పని మీద తీసుకెళ్ళడంతో, జీపులోనే బయల్దేరదీశాను. పాపను ఇంట్లోనే ఉంచాం. నేనే నడిపాను. పేట దాటామో లేదో తను తుమ్మడం మొదలుపెట్టింది. ఒకటి కాదు, వరసగా. కళ్ళ వెంట నీళ్ళు. బండి పక్కకు తీసి ఆపాను.

"ఏటే ఇది, బండా, రోలా?" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఎన్ని మిరపకాయలు దంచేశారే ఇందులో?"

నేను గట్టిగా గాలి పీల్చి చూశాను. నాకేమీ తెలియలేదు. బోనులోంచి వచ్చినట్టు బయటికి దూకి తను రోడ్డు పక్కన నిలబడింది. నాకు మాత్రం మామూలు గాలే. అదే గాలి మా వీధిలోనూ ఉంటుంది, బస్టాండులోనూ ఉంటుంది. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా మా ఊళ్ళలో ఏ కల్లం పక్కగా వెళ్ళినా ఇదే గాలి. మేమంతా దాంట్లోనే పుట్టాం. మా ఇంట్లో తాలింపుకు ఎవరైనా తుమ్మితే, ఏ ఊరు మీది అని ఆటపట్టిస్తాం. ఇంతమందిమి ఎక్కి దిగిన బండిలో మిరప ఘాటు ఉందని ఒక్క ముక్కు కూడా పట్టలేదు. పట్టింది పాప ఒక్కతే. దానికి ఇంకా అలవాటు కాలేదు, ఘాటని చెప్పడం రాదు, దగ్గింది.

రూమ్మేటును వెనక్కి తీసుకొచ్చి ఇంట్లో కూర్చోబెట్టాను. అమరావతికి బస్సులో వెళ్తానంది, పాపం.

జీపు వెనక భాగంలో వేపచెక్కలు పరిచి ఉంటాయి. టిక్కీలు జారకుండా, రేకు పోకుండా మామయ్య గారు తన చేతులతో కొట్టినవి. ఒక్క మేకు కూడా పైకి లేవలేదని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. ఘాటు ఉంటే గింటే వాటి కిందే ఉండాలి. మా ఆయనకు చెబితే, నాన్నకు నువ్వే చెప్పు అన్నారు. చెప్పాను. ఆయన చాలా చిన్నబుచ్చుకున్నారు. ఇన్నేళ్ళు తిరిగిన బండి, తనకు ఒక్క తుమ్ము రాలేదు, ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల తుమ్మితే బండి పాడైపోయిందా అని. ఆయన కోపంగా ఉన్నప్పుడు ఎదురుగా నిలబడటం నాకు కష్టం. అందుకని మాట చిన్నది చేసుకున్నాను.

"మామయ్య గారూ, ఆ చెక్కలు పీకాలండి."

"పీకితే మళ్ళీ ఎవరు కొడతారు?"

"మీరే."

ఆయన నా వైపు చూశారు, షెడ్డు గుమ్మంలో బొమ్మ పట్టుకుని నిలబడ్డ పాప వైపు చూశారు. లోపలికి వెళ్ళి మేకులు పీకే రాడ్డు తెచ్చారు. మొదటి చెక్క ఆయనే లేపారు.

దాని కింద మిరప పొడి. గింజలు, విరిగిన తొడిమలు, ముక్కలు, ఏళ్ళ తరబడి టిక్కీల్లోంచి రాలి చెక్కల సందుల్లోంచి దిగినదంతా అక్కడ గట్టిగా పేరుకుపోయి ఉంది. అంచుల్లో ఇంకా ఎర్రగానే ఉంది. గేరుబాక్సు వైపు మాత్రం నల్లగా మాడి ఉంది. బండి నడిచినంతసేపూ అడుగు రేకు వేడెక్కుతుంది, ఆ గింజలు పెనం మీద వేయించినట్టు వేగుతూ ఉంటాయి. ఇంజను ఆపితే ఘాటు ఆగిపోతుంది. పొగ అనుకున్నది మా ఇంటి తాలింపే. మామయ్య గారు ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసుకున్నారు. "మంచి కాయే," అన్నారు.

నీళ్ళు మాత్రం పోయవద్దన్నారు అత్తయ్య గారు. కాయలు ఏరే రోజుల్లో కల్లంలో కూర్చున్న మనిషి ఆవిడ. మా అందరి చేతులకూ ఆముదం పూయించి, ముఖాలకు తువ్వాళ్ళు కట్టించారు. చిన్న బ్రష్షులతో గీకి ఆ పొడినంతా సంచుల్లోకి ఎత్తాం. పాపను రెండిళ్ళ అవతల వదిలాం. అయినా మూలల్లో, రేకు మడతల్లో మిగిలింది రాలేదు. అప్పుడు మా ఆయన తొందరపడ్డారు. బండిని సెంటర్లో పంక్చరు షాపుకు తీసుకెళ్ళి, టైర్లకు కొట్టే గాలి పైపు పెట్టి లోపలికి ఊదించారు. ఎర్రటి మబ్బు లేచిందట. టీ బండి దగ్గరివాళ్ళు, ఆటోలవాళ్ళు, మందుల షాపులో కూర్చున్నవాళ్ళు అందరూ ముక్కులు మూసుకుని పరుగెత్తారు. మిరపకాయల ఊళ్ళో జనం మిరప ఘాటుకు దగ్గడం నేను వినడం అదే మొదలు. షాపువాడు మా ఆయన్ని "ఒరేయ్, రేపటి నుంచి నీ ట్రాక్టర్లు కూడా ఇటు రానివ్వను" అన్నాడని ఆయనే వచ్చి చెప్పారు, ఎర్రటి కళ్ళతో. ఆ తర్వాత నూనె గుడ్డతో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో వదిలేశాం. మామయ్య గారు కొత్త చెక్కలు తెచ్చి కొట్టారు. ఈసారి పీకడానికి వీలుగా స్క్రూలు వేశారు.

పరీక్ష రోజున అత్తయ్య గారు తనూ వస్తానన్నారు. దగ్గిందో లేదో తన చెవులతోనే వినాలట. సింగరాయకొండ దాకా వెళ్ళి, గుడి చూసి, సముద్రం చూసి రావాలని అనుకున్నాం. ఎండ మండుతోంది. అడుగు రేకు ఎంత వేడెక్కాలో అంతా వేడెక్కింది. మా ఆయన నడుపుతున్నారు, మందు మిషను నా ఒళ్ళోనే ఉంది. ఒంగోలు వచ్చేదాకా నేను రోడ్డును చూడలేదు, పాప ఛాతీనే చూస్తూ కూర్చున్నాను. అది పాటలు పాడింది, లారీలకు చేతులు ఊపింది, నీళ్ళు ఒలకబోసుకుంది. దగ్గలేదు. సముద్రం దగ్గర ఇసుకలో ఆడి, వచ్చేటప్పుడు నాయనమ్మ ఒళ్ళో నోరు తెరిచి నిద్రపోయింది. దాని ఊపిరి వినడానికి నేను వెనక్కి వంగితే అత్తయ్య గారు చెయ్యి అడ్డం పెట్టారు. తను వింటున్నానన్నట్టు.

ఇంటికి చేరి బండి దిగాక ఆవిడ చీర దులుపుకుంటూ అన్నారు.

"నంద్యాల దాకా నేనూ వస్తాను. మా చెల్లెలింటి దగ్గర దింపెయ్యండి. కొండల్లో కూడా పిల్ల దగ్గకపోతే, అక్కణ్ణుంచి ఆ ఉప్పుదాకా పోతారో ఇంకెందాకా పోతారో మీ ఇష్టం."

నల్లమల మలుపుల్లో ఆవిడకు వాంతులవుతాయి. ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆవిడకు ఇంకా బాగా తెలుసు. సరేనన్నాను. పాప పడుకున్నాక కూర్చుని ఇదంతా రాస్తుంటే పక్క గదిలో మామయ్య గారు మా ఆయనతో వాదించడం వినిపిస్తోంది, వెనక సీటుకు దిండు ఎటువైపు కట్టాలని. దసరా వెళ్ళాక, పత్తి పగిలే వేళకి బయల్దేరుతున్నాం.