కొడుకు పాత్రలో తండ్రి వంతు

లమియత్ అక్క మంచి మనిషి. అదే వచ్చిన తంటా. చెడ్డదైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మా ఊరు ఫెచ్చబురిలో ముప్పై ఏళ్ళుగా పక్కపక్క ఇళ్ళు మావి. ఆవిడ పొయ్యి వాసనతోనే నాకు తెల్లవారేది. నేను మా వీధికి ఆరోగ్య కార్యకర్తను. రక్తపోటు చూడడం, చక్కెర పరీక్షకు జనాన్ని పోగుచెయ్యడం నా పని. నా నడుము కొలత మాత్రం అడక్కండి.

ఆవిడ మొగుడు ప్రయోంగ్ తాటిచెట్లు గీసేవాడు. రోజూ రెండు పూటలా ఇరవై చెట్లెక్కి దిగే మనిషి, చీపురుపుల్లలా ఉండేవాడు. పంది కాలి కూరలో కొవ్వు ముక్కలే ఏరుకుని తినేవాడు. ఆ పైన గుడ్లు, కొబ్బరిపాలు, తాటిబెల్లం కలిపి కాల్చిన మొగేంగ్ సగం పళ్ళెం లాగించేవాడు. తిన్నదంతా చెట్ల మీదే అరిగిపోయేది. ఒక వేసవిలో వాన పడ్డ మర్నాడు చెట్టు మీంచి జారిపడి పోయాడు.

తండ్రి పుణ్యం కోసం కొడుకు థవిల్ పదిహేను రోజులకని గుండు చేయించుకుని, బౌద్ధ భిక్షువుగా కాషాయం కట్టాడు. తొమ్మిదేళ్ళయినా విప్పలేదు. తల్లి పొంగిపోయింది. పోయినవాళ్ళకు ఇష్టమైనది భిక్షువు పాత్రలో వేస్తే, ఆయన తిన్నది వాళ్ళకు చేరుతుందని మా నమ్మకం. అందుకని ఆవిడ రోజూ ఆ పంది కూరా, ఆ మొగేంగూ వండి కొడుకు పాత్రలో వేసేది.

మొదట్లో ఏమీ కాలేదు. థవిల్ స్వామి చెప్పుల్లేకుండా కాలువ గట్టు మీద గంటన్నర నడిచి వచ్చేవాడు. ఇంటికో గరిటెడు అన్నం, ఇంత చేప పులుసు, ఇంత ఆకుకూర పడేవి. రోడ్డు వెడల్పు చేశాక లారీల భయానికి గుడివాళ్ళు స్వాములను వ్యానులో తెచ్చి సంత ముందు దింపడం మొదలుపెట్టారు. ఒకేచోట నిలబడితే చాలు, జనమే మోటారుసైకిళ్ళ మీద వస్తారు. వండే తీరిక ఎవరికుంది? కొట్లో కట్టి ఉంచిన సంచి కొని పాత్రలో వేసి పనికి పోతారు. అందులో వేయించిన కోడి, తియ్యటి కొబ్బరి కూర, అంతకంటే తియ్యటి టీ సీసా. మధ్యాహ్నం దాటితే స్వాములు ఏమీ తినకూడదు, తాగొచ్చు. సాయంత్రం కడుపు కాలితే ఆ సీసాలే దిక్కు. పాత్రలో పడేదాన్ని వద్దనడానికి లేదు. నేనూ బోలెడన్ని సీసాలు వేశాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

థవిల్ స్వామికి ఒళ్ళు వచ్చింది. ఆ బుగ్గలు చూసి, పోయిన మొగుడు అక్కడ కడుపునిండా తింటున్నాడని లమియత్ అక్క అందరితో చెప్పుకునేది.

ఆడదాన్ని కాబట్టి నేను స్వాములను ముట్టుకోకూడదు. గుడిలో పరీక్షలప్పుడు టేపు పెద్దస్వామి ముందు పెట్టి, దూరంగా నిలబడి అంకె రాసుకునేదాన్ని. ఆ ఏడు థవిల్ స్వామి నడుముకు టేపు చాలలేదు. చక్కెర నాలుగు వందలు దాటింది. కుడికాలి బొటనవేలికి పుండు. ఈగలు ముసురుతున్నా ఆయనకు తెలియడం లేదు. తిండి మారకపోతే ముందు వేలు, తర్వాత పాదం పోతాయని డాక్టరు తేల్చేశాడు.

సొంత మనుషులనైతే ఫలానాది పెట్టమని అడిగే వీలు స్వాములకుంది. మీ అమ్మకు ఒక్క మాట చెప్పండి స్వామీ అని బతిమాలాను. ఆయన తల వంచుకున్నాడు.

"నేను వద్దంటే నాన్న నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే అనుకుంటుంది పిన్నీ. నా వల్ల కాదు."

సరే, నేనే వెళ్ళి చెప్పాను. లమియత్ అక్క కొబ్బరి కోరుతోంది. చెయ్యి ఆపలేదు. మొన్ననే మొగుడు కలలోకి వచ్చి ఖాళీ పళ్ళెం చూపించాడంది.

"నీ మొగుడు కలలోకొచ్చి అన్నమడిగితే ఉడకేసిన సొరకాయ పెడతావా? బతికినన్నాళ్ళూ చెట్లెక్కి మమ్మల్ని సాకాడే, ఇప్పుడు పస్తుంచమంటావా?"

"పోయినాయన ఆకలి కనపడుతోంది గానీ, బతికున్న కొడుకు కాలు కనపడట్లేదా నీకు?" అన్నాను.

కొబ్బరి చిప్ప నేలకేసి కొట్టి, ఇక నా గుమ్మం తొక్కకు అంది. నాలుగు నెలలు నన్ను చూస్తే మొహం తిప్పుకుంది. నాకూ ఒళ్ళు మండింది, నేనూ తిప్పుకున్నాను. ఆ నాలుగు నెలలూ పంది కూర వాసన నా వంటింట్లోకి వస్తూనే ఉంది.

వేలు తీసేశారు.

స్వామిని ఆసుపత్రి నుంచి గుడికి తెచ్చిన రోజున ఆవిడే మా ఇంటికి వచ్చింది. కట్టు మారుస్తుంటే చూసిందట. కన్నతల్లయినా ముట్టుకోవడానికి లేదు కదా, తలుపు దగ్గర నిలబడి చూసి వచ్చింది. ఏం వండాలో చెప్పు అని మాత్రం అడిగింది. తిట్టాలని దాచుకున్నవన్నీ మింగేశాను. మర్నాటి నుంచి ముడిబియ్యం, సొరకాయ, కాల్చిన చేప. మొగేంగ్ పళ్ళెం అటకెక్కింది. మొగుడు కలలోకి రావడం మానేశాడు. అలిగాడు అనేది.

కానీ పాత్ర ఆవిడ ఒక్కదానిదా? జబ్బుపడ్డ స్వామికి పెడితే పుణ్యం ఎక్కువని జనం ఆయన ముందే వరుస కట్టారు. ఆవిడ సొరకాయ అడుగున, పైన నలభై ఇళ్ళ తీపి. ఎవరి సంచి విప్పకపోతే వాళ్ళ పెద్దలు పస్తుంటారని ఆయన అన్నింట్లోంచీ తినేవాడు. తల్లి పోలికే. లమియత్ అక్క సంత ముందు నిలబడి, తియ్యటివి వద్దు తల్లీ, సీసాలు వద్దు బాబూ అని వచ్చినవాళ్ళందరినీ వేడుకుంది. కొందరు విన్నారు. ఒకామె, మా పుణ్యానికి అడ్డుపడితే నరకానికి పోతావని మొహానే అనేసింది. జనం శ్రద్ధను ఆపకూడదమ్మా అని పెద్దస్వామి కూడా చెప్పాడట. ఆ తర్వాత ఆవిడ నోరెత్తలేదు. రోజూ వచ్చి, పక్కన నిలబడి, ఎవరేం వేస్తున్నారో చూసేది. స్వామి మడమ మీద ఇంకో పుండు లేచింది.

ఇంతలో మా అమ్మ పోయి ఏడాది నిండింది. ఆమెదీ చక్కెర జబ్బే. చివరి ఐదేళ్ళూ తీపి ముట్టనివ్వలేదు నేను, ఆరోగ్య కార్యకర్తను కదా. పోయే ముందు వారం, కొబ్బరిపాలు పోసిన జిగురన్నం మామిడిపండుతో ఒక్క ముద్ద పెట్టవే అని అడిగింది. పెట్టలేదు. ఏడాది నాటి ఉదయం అదే వండాను. వేరే స్వామి పాత్రలో వేద్దామనే బయల్దేరాను, ఒట్టు. తీరా వెళ్తే, మిగతా స్వాములంతా ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళారు. కట్టుకట్టిన కాలు సిమెంటు మీద ఆనించి థవిల్ స్వామి ఒక్కడే నిలబడి ఉన్నాడు. పక్కన లమియత్ అక్క.

నా గిన్నె వంక చూసింది. ఏమిటని అడగలేదు, వాసనే చెప్పింది. వెనక్కి తిరగాల్సింది. ఊరందరికీ నీతులు చెప్పిన నోరు నాది. తిరగలేదు. అమ్మ అడిగిన ఆ ఒక్క ముద్దే కళ్ళ ముందుంది. స్వామి పాత్ర మూత తీశాడు. వేశాను.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన మంత్రం చదువుతుంటే ఆ పుణ్యం అమ్మకు చేరాలని తలుచుకుంటూ చిన్న చెంబుతో నీళ్ళు ధారగా పోస్తున్నాను. పోసేవాళ్ళ చెయ్యి ముట్టుకుంటే ఆ పుణ్యంలో వాటా దక్కుతుంది. లమియత్ అక్క వచ్చి నా పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ అమ్మతో చెప్పు సంగ్వియన్," అంది, కొడుకు కాలి వంకే చూస్తూ. "అక్కడెక్కడైనా మా ఆయన కనిపిస్తే, తన దాంట్లోంచి ఒక్క ముద్ద పెట్టమను."

చెబుతానన్నాను.