స్నానానికి ముందు ఫోటోలు

కెమెరా ఆన్ చేస్తే లెన్సు సగం బయటికొచ్చి, కరకరమని ఆగిపోయింది. కిరండూల్ ఇనుపగనుల ఎర్రదుమ్ము ఇంకో కెమెరాని మింగింది. ఇక మా ఆయనకి పండగే. గనిలో డ్యూటీ దిగడం ఆలస్యం, అన్నం దగ్గర కూడా ఫోను ముందేసుకుని పోలికలు: దుమ్ము చొరనిది, వానకి పాడవనిది, లెన్సులు మార్చుకునేది... "ఆగు, ఇంకో మోడల్ వస్తోందట" అంటాడు. పాపకి అడుగులొచ్చి పరుగులు కూడా వచ్చేశాయి, ఈయన ఎంపిక మాత్రం తెమల్లేదు. ఈయన పోలికలు వింటుంటే నాకు సింహాచలం పిన్ని గుర్తొస్తుంది.

పిన్నంటే చుట్టం కాదు, మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పడ్డవాళ్లు. కెమెరా కొనడానికి జగదల్‌పూర్ వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లింది. కొట్టతను మెడలో వేలాడేసుకునే పెద్ద కెమెరా చూపించి, దాని గొప్పలన్నీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, "కింద పడితే పనిచేస్తుందా, భయ్యా?" అని హిందీలో అడిగింది. అతను నోరెళ్లబెట్టాడు. చివరికి ఎడమ చేతిలో ఇమిడే బుల్లిదాన్ని ఏరుకుంది. "కుడిసేతికి పిండి అంటుకునుంటాది కదే" అంది నాతో. సిగ్గుతో చచ్చాను.

ఆ బుల్లిదానితో మమ్మల్ని కాల్చుకు తినేసింది. మా నాన్నకి యార్డులో పని, ఖనిజం నింపిన వ్యాగన్లు తనిఖీ చెయ్యడం. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దాకా ఎరుపే. గేటు చప్పుడైతే చాలు, పిన్ని హాజరు. నన్నూ తమ్ముణ్ణీ ఆయన పక్కకి తోసేది.

"ఏటమ్మా నీ గోల! తానమైనా సెయ్యనీవా?" అని నాన్న విసుక్కునేవారు.

"తానం సేస్తే తొంగుంటావు బావా. లేస్తే మల్లీ డూటీయే. పిల్లలకి నువ్వు దొరికేది ఈ కాసేపే."

అమ్మ వంటింట్లోంచి అరిచేది: "నీ కెమెరా మండ! తెల్లచొక్కా ఏసుకున్నాక తియ్యరాదా?" తెల్లచొక్కా దాకా ఎక్కడ? స్నానం చేసి రెండు ముద్దలు తినగానే నాన్న గుర్రు పెట్టేవారు. ఒక్కటంటే ఒక్క ఫోటోలో ఆయన నవ్వలేదు. చుట్టాలొచ్చి ఆల్బమ్ అడిగితే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం నాన్న యార్డులోనే గుండె ఆగి పోయారు. పెద్దకర్మకి పటం కట్టించాలి. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టూడియోలో దిగిన ఫోటోని తమ్ముడు పెద్దది చేయించి తెచ్చాడు. నున్నగా దువ్విన తల, తెల్లచొక్కా. అమ్మ కాసేపు చూసి పక్కన పెట్టేసింది. పిన్ని తీసినవాటిలోంచి ఒకటి బయటికి లాగింది. ఎర్రటి మొహం, చిట్లించిన కళ్లు, నా నెత్తి మీద చెయ్యి.

"ఇదే కట్టించండి. మనింటికొచ్చే మనిషి ఈయనే" అంది అమ్మ.

పిన్ని గోడకి జారగిలబడి భోరుమంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఇప్పుడు పిన్ని కూడా లేదు. మా ఆయన మోడల్ వచ్చేలోపు మా పిల్లకి పెళ్లీడు వచ్చేలా ఉందని, పిడికిట్లో ఇమిడేదొకటి నేనే కొనేశాను. ఇవాళ ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతుంటే పాపని తీసుకెళ్లి ఒళ్లో పడేశాను.

"అబ్బా, ముందు మొహం కడుక్కోనీ!" అని కసిరాడు.

కసురుకోనీ. పాప వాళ్ల నాన్న బుగ్గ మీద అరచెయ్యి ఆనించి, చేతికంటిన ఎరుపుని వింతగా చూసుకుంటోంది. నొక్కేశాను.