గ్రూపులో దండాలు

నా నోరంటే ధర్మవరంలో మా వీధి వీధంతా హడలు. కుళాయి దగ్గరైనా, కూరగాయల బండి దగ్గరైనా నాతో ఎవరూ పెట్టుకోరు. అలాంటి నేను ఫోను మోతకి భయపడ్డానంటే ఎవరు నమ్ముతారు?

పెనుకొండ దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. పిల్లలతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. వచ్చిన చిక్కంతా స్టాఫ్ వాట్సాప్ గ్రూపుతోనే. పొద్దున్నే ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయాలి, మధ్యాహ్నం భోజనం ఫోటో, మరుగుదొడ్ల ఫోటో పంపాలి. కొండ పక్కన సిగ్నల్ దొరక్క ఆలస్యమైతే హెడ్మాస్టరు పేరు పెట్టి మరీ గ్రూపులో కడిగేసేవారు. దాని కింద స్టాఫంతా వరసగా దండం బొమ్మలు పెట్టాలి. అది మా బడి ఆనవాయితీ.

ఆ వారం మరుగుదొడ్ల ఫోటోలు నా వంతు. ఆలస్యమయ్యాయి. "ఈ మేడమ్‌కి ఉద్యోగం మీద శ్రద్ధ లేదు" అని నా పేరు పెట్టి హెడ్మాస్టరు రాశారు. కింద దండాలే దండాలు. నా డబ్బాలో చెయ్యి పెట్టి తినేవాళ్లవి కూడా ఉన్నాయి. అంటే అందరూ ఔననే అంటున్నారన్నమాట! ప్రాణం చివుక్కుమంది.

అప్పటినుంచి ఫోను టింగుమంటే చాలు, గుండె దడ. అన్నం సయించేది కాదు. మా ఆయన మగ్గం ఆపి నన్నే చూసేవాడు.

"యాడ పోయింది మే నీ నోరు? అంత కష్టంగా ఉంటే మానేయ్. మగ్గం ఉండాది కదా."

ఆ మాటకి ఏడుపొచ్చింది. పాఠం చెప్పకుండా నేనేం బతుకుతాను?

ఒక సోమవారం పెనుకొండ బస్టాండులో దిగాను గానీ కాళ్లు బడి వైపు కదలలేదు. ఇంటికెళ్లి రాజీనామా రాసేద్దామని తిరుగు బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడే హిందూపురం బస్సు దిగిన మా సైన్సు టీచరు నన్ను చూసింది.

"ఏంటికక్కా ఈడ కూర్చున్నావు?"

ఆగలేకపోయాను. "పో తల్లీ, పోయి ఇంకో దండం పెట్టు! నాకు శ్రద్ధ లేదని నువ్వూ ఒప్పుకున్నావు కదా!" అని బస్టాండంతా వినపడేలా అరిచాను.

ఆమె తెల్లబోయింది. "అయ్యో, ఒప్పుకొని పెట్టినానా అక్కా? పెట్టకపోతే రేపు నా పేరొస్తాదని పెట్టినా. మొన్న నన్ను తిట్టినప్పుడు నువ్వూ పెట్టినావే. నాకు శ్రద్ధ లేదనేనా?"

"ఛీ ఛీ, నీకు శ్రద్ధ లేకపోవడమేంది! భయానికి పెట్టినా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వో ఏడుపో తెలియకుండా వచ్చేసింది. ఆమె నా చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్లింది. ఎవర్ని తిట్టినా ఇక దండం పెట్టొద్దని స్టాఫ్ రూములో అందరినీ ఒప్పించింది కూడా ఆమే.

మర్నాడు లెక్కల మాస్టారి పేరు వచ్చింది. గ్రూపులో చడీ చప్పుడూ లేదు. మధ్యాహ్నానికి హెడ్మాస్టరే స్టాఫ్ రూముకి వచ్చి లెక్కల మాస్టారిని అడిగారు.

"ఏమప్పా, పొద్దున మెసేజ్ ఎవరూ చూడలేదా?"

నా నోరు తిరిగొచ్చింది. "చూసినాం సార్. తప్పుంటే పిలిచి తిట్టండి, పడతాం. నలుగురిలో పేరు మాత్రం పెట్టొద్దు. ఫోను మోగితే నాకు చేతులు వణుకుతాండాయి." చేతులు చాపి చూపించాను. అప్పుడూ వణుకుతూనే ఉన్నాయి.

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డారు. "పై ఆఫీసు గ్రూపులో నన్నూ ఇట్లే అంటారమ్మా. ఆడ నేనూ దండాలే పెడతాండా" అన్నారు. సైన్సు టీచరు ఆయనకి మంచినీళ్లిచ్చింది.

ఫోటోలు ఇప్పటికీ పంపాల్సిందే. కానీ గ్రూపులో పేర్లు ఆగిపోయాయి. ఏదైనా ఉంటే ఆయన తన గదికి పిలిచి చెబుతారు. నేనూ అక్కడే నా మాట చెప్పి వస్తాను, కాస్త గట్టిగానే.

మొన్న వానకి ధర్మవరం బస్సు దారిలో ఆగిపోయింది. చేతిలో ఫోను టింగుమంది. గుండె ఒక్కసారి అదిరింది. పాత భయం అంత తొందరగా పోతుందా? తెరిస్తే గ్రూపులో హెడ్మాస్టరు.

"వాన పెద్దగా ఉంది. తెలుగు మేడమ్ నిదానంగా రండి. మీ క్లాసులో నేను కూర్చున్నా."

దాని కింద మొదటి దండం నేనే పెట్టాను.