లియాఖత్ సారు వాపసు తీసుకున్న మార్పు

నల్లగొండలో లియాఖత్ అలీ సారు ఇరవై ఏళ్లు టైపు నేర్పాడు. పిల్లల తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టీ చుట్టీ, తన వేళ్లు మాత్రం తప్పు చేయవని నమ్మాడు. గురివింద గింజకు తన కింది నలుపు కనిపించదంటారు, అలాగే ఉండేది వ్యవహారం.

తొంభై తొమ్మిదిలో మిషన్ల పక్కకు కంప్యూటరొచ్చింది. తెలుగు అక్షరాలను తెరమీద చూపే ఉచిత ప్రోగ్రామొకటి నాలుగు దేశాలవాళ్లు కలిసి రాస్తుంటే, ఫోను లైను మీద ఇంటర్నెట్టు కలుపుకొని ఈయనా చేరాడు. అందరూ వాడుకునే అసలు ప్రతిలో నేరుగా మార్పు పెట్టే అనుమతి పదకొండు మందికే ఉంది. వాళ్లలో తానొకడినని చెప్పుకోని రోజు లేదు. షరతొకటే: మార్పు వల్ల ఏదీ చెడలేదని చూసే పరీక్షలన్నీ ముందు మన దగ్గరే నడపాలి. వాటంతట అవే నడుస్తాయి గానీ నలభై నిమిషాలు పడతాయి. రెండు వరుసలు మార్చినదానికి పరీక్షలెందుకని ఒకరోజు పొద్దున పదింటికి పెట్టేశాడు.

పదిన్నరకు అసలు ప్రతి ఉండే యంత్రం అందరికీ ఈమెయిలు ఉత్తరం పంపింది: అసలు ప్రతి నడవడం లేదు, చివరి మార్పు లియాఖత్ అలీది. గంటలో సరిచేయకపోతే అనుమతి తీసేస్తారు. ఇక్కడేమో రోజూ పదకొండింటికే కోత, కరెంటు పోతుంది.

షార్ట్‌హ్యాండ్ చెప్పే మంజులత తొంగి చూసింది. "ఏమైంది సార్? గట్ల పరేషానున్నరేంది?"

"ఏం లేదు బిడ్డా. జర ఆ ఫోను ఎవ్వలు ముట్టకుండ చూడు."

తప్పెక్కడో తెలిసినట్టే అనిపించి, దిద్దబోయాడు. కొట్టిన మూడు మాటల్లో రెండు తప్పులు పడ్డాయి. అప్పుడు అసలు భయమేసింది. ఈ దిద్దుబాటూ తప్పయితే? అది వదిలేసి, పొద్దున పెట్టిన మార్పునే వాపసు తీసుకుందామనుకున్నాడు. ఈలోగా లైను తెగింది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ మళ్లీ మళ్లీ కలిపాడు. కరెంటు పోవడానికి నాలుగు నిమిషాలుందనగా కలిసింది. "తప్పు నాది, పరీక్షలు నడపలేదు" అని రాసి వాపసు పంపాడు. అందిందో లేదో చూసేలోపే కరెంటు పోయింది.

రెండింటిదాకా ముద్ద ముట్టలేదు. కరెంటొచ్చాక చూస్తే అసలు ప్రతి బాగుంది, అనుమతీ ఉంది. ఎవరూ ఒక్క మాటనలేదు. ఆయన భయం మాత్రం తగ్గలేదు. పరీక్షలు గట్టెక్కని మార్పును యంత్రమే ఆపేయాలని, నేరుగా పెట్టే అనుమతి ఎవరికీ వద్దని, ముందు తనదే తీసేయమని ఉత్తరం మొదలుపెట్టాడు.

"గంత గొప్పగ చెప్పుకుంటుంటిరి గద సార్. మీరే వద్దంటున్నరా?" అంది వెనకనుంచి చదువుతున్న మంజులత.

"నా మీద నాకే భయమైతాంది బిడ్డా" అని ఉత్తరం పంపేశాడు.