అంటించి పారిపోవద్దు

పచ్చి పెయింటు వాసన తగిలితే ఈమధ్య నాకు కోపం వస్తోంది. పోయిన నెల మా పాత విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో మాకు పాఠాలు చెప్పిన మునిరత్నమ్మ మేడం సంతాప సభ జరిగింది. సభంతా ఆ వాసనలోనే కూర్చున్నాను. సభ కోసమని ముందురోజు జర్నలిజం విభాగం వరండా గోడకు లేత పసుపు రంగు వేయించారు. మా గోడపత్రిక బోర్డు ఉండేది ఆ గోడ మీదే. బోర్డు తీసేసి, మేకులు పీకిన గుంతల్లో కూడా రంగు నింపారు. ఆ గోడకే ఆనించి మేడం ఫోటో పెట్టి దండ వేశారు. ఫోటో పక్కన మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నది, ఆమెను ఈ క్యాంపస్ నుంచి పంపేసిన మనిషి. అప్పట్లో ఇక్కడ డైరెక్టరు. ఇప్పుడు అంతకంటే పెద్ద పదవిలో ఉన్నారు.

"మునిరత్నమ్మగారు మా కుటుంబంలో ఒకరు. ఆమె లేని లోటు ఎప్పటికీ తీరదు" అని ఆయన చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. సరిగ్గా అప్పుడే విద్యార్థుల వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. పేరు భవాని, మాస్తి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎం.ఏ. చదువుతోంది. చేతిలో ఒక కాగితం.

"సార్, గోడ మీద పెట్టేదానికి ఇది రాసినాము. పెట్టేకి ముందర మీకు చదివి వినిపించల్ల. అది మా పద్ధతి" అంది.

భవాని మేడంను ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె ఇక్కడ చేరేనాటికి మేడం వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. కానీ సీనియర్ల నుంచి జూనియర్లకు అందుతూ వచ్చిన ఆ పద్ధతి ఎవరిదో నాకు తెలుసు. ఆవని పక్క పల్లె నుంచి వచ్చి, నోరు విప్పాలంటే భయపడే రోజుల్లో నేను దాన్ని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మేడం మొదటిరోజు పాఠ్యపుస్తకం తెరవలేదు. మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళి ఖాళీ బోర్డు చూపించారు. వారం వారం క్యాంపస్ వార్తలు మీరే రాసి దీని మీద పెట్టాలన్నారు. ఒకటే నియమం. ఎవరి గురించి రాశామో, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడి, మొత్తం చదివి వినిపించాలి.

"పర్మిషన్ అడగొద్దండి. వినిపించండి, అంతే. మనది తప్పుంటే దిద్దుకోండి. లేదంటే వచ్చి అంటించండి. అంటించి పారిపోవద్దండి."

"తిడితే ఎట్ల మేడం?" అని అడిగాను.

"తిట్టనీ. ఆ తిట్టు గూడా రాసుకో, అక్షరం తప్పు లేకుండా."

మేమంతా నవ్వాం. ఆమె నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో కొన్నాళ్ళకు తెలిసింది. ఒక ఆదివారం తన ఊరు, బంగారు గనుల కేజీఎఫ్, చూపిస్తానని మమ్మల్ని తీసుకెళ్ళారు. ఆమె తండ్రి గనిలో పనిచేసినవాడు. గనిలోకి దిగే, ఇప్పుడు మూతపడ్డ ఒక షాఫ్ట్ గేటు దగ్గర, తుప్పు పట్టిన ఇనప గోపురం కింద మమ్మల్ని నిలబెట్టారు. వెనకాల, బంగారం తీసేశాక పోసిన సైనైడ్ మట్టి దిబ్బ మీది నుంచి గాలికి తెల్లటి దుమ్ము లేస్తోంది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చెప్పారు.

"నేనప్పుడు చిన్న పిల్ల. లోపల బండ పేలింది. సైరను కూసింది. గనోళ్ళ లైన్ ఇండ్ల ఆడోళ్ళంతా ఈ గేటు కాడికి పరిగెత్తినారు. పొద్దుగూకే వేళకు ఒకాయన వచ్చి గోడ మీద కాగితం అంటించి, ఎవురి ముఖమూ చూడకుండా లోపలికి పోయినాడు. ఆడోళ్ళకు చదవను రాదు. బడికి పోయేదాన్ని నేనే కదా, నన్ను ముందుకు తోసినారు. పక్కింటి సెల్వి అక్క నా జడ పట్టుకొని నిలబడింది. వాళ్ళాయన పేరు నా నోట్లోనించి రావల్సి వచ్చింది. ఆ అంటించినాయనకు నోరు లేదా అప్పా? పిల్లతో చెప్పిస్తారా ఎవురన్నా?"

తిరుగు బస్సులో ఆమె అందరికీ వేరుశనక్కాయలు కొనిపెట్టి, మరుసటి వారం వార్తల సంగతి మాట్లాడారు.

ఆ మరుసటి వారం వార్త నీళ్ళది. ఆడపిల్లల హాస్టల్లో తాగడానికి బోరు నీళ్ళే దిక్కు. ఉప్పు. పప్పు ఉడకదు, దాహం తీరదు. మంచినీళ్ళ ట్యాంకరు మాత్రం రోజూ మా కిటికీల ముందునుంచే వెళ్ళి అతిథి గృహం దగ్గర, డైరెక్టరుగారి క్వార్టర్సు దగ్గర ఆగేది. నేను వార్త రాసి, చివర 'ఇది అమానుషం' అని చేర్చాను. మేడం ఆ మాట కొట్టేశారు.

"ఇది నీ కోపం. నీళ్ళు ఉప్పుగా ఉండాయి, ట్యాంకరు యాడ నిలబడతాది, ఇంతే రాయి. కోపం చదివేవాళ్ళకు వదిలిపెట్టు."

డైరెక్టరు గదికి తను రానన్నారు. "నేనొస్తే నా మాట అంటారు. ఇది మీ నీళ్ళ సంగతి, మీరే పోండి." వెళ్ళాను. ఆయన కాఫీ తెప్పించారు. చివరిదాకా విన్నారు. ఒక్క మాట కూడా కాదనలేదు. "బాగా రాసినావమ్మా. ఎండాకాలం గదా, సల్ప అడ్జస్టు చేసుకోండి. ఇంగ, ఈ చదివి వినిపించేది యాడ నేర్చుకున్నారు?" అన్నారు. మా మేడం నేర్పించారని గర్వంగా చెప్పాను. ఆయన తల ఊపారు. వార్త అంటించాం. ట్యాంకరు కొన్నాళ్ళు హాస్టల్‌కు వచ్చింది, తరవాత మానేసింది.

మేడంది ఏటికేడు కొనసాగించే ఉద్యోగం. అతిథి ఉపన్యాసకురాలు. మాకంటే ముందు చదివినవాళ్ళకూ ఆమే పాఠం చెప్పారు, వాళ్ళ ముందువాళ్ళకూ ఆమే చెప్పారు, అయినా కాగితాల్లో ఆమె అతిథే. కొత్త సెమిస్టరు మొదలైన రోజు ఆమె ఎప్పటిలాగే కేజీఎఫ్ బస్సు దిగి, టిఫిన్ క్యారియరు పట్టుకుని వచ్చారు. విభాగం ముందు కొత్త టైంటేబులు అంటించి ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను పక్కకు వెళ్ళాను.

"నా పేరు ఉండాదేమో చూడమ్మా. కండ్లద్దాలు తేలేదు" అన్నారు.

కళ్ళద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి. నేను కాగితమంతా చదివాను. ఆమె వైపు తిరిగాను.

"లేదు మేడం."

"సరే. నువ్వన్నా ముఖం చూసి చెప్పినావు" అన్నారు.

ఒక ఉత్తరం లేదు, ఫోను లేదు, పిలిచి చెప్పిన మనిషి లేడు. ఆమె డైరెక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. సార్ మీటింగులో ఉన్నారన్నారు. మధ్యాహ్నం క్యారియరు విప్పి అక్కడే తిన్నారు. సాయంత్రం ప్యూను వచ్చి గదికి తాళం వేశాడు. ఆయన వెనక తలుపు గుండా ఎప్పుడో వెళ్ళిపోయారట. ఎన్నో ఏళ్ళు పనిచేసిన మనిషికి, ఇక రావద్దు అని ఒక్క మాట చెప్పడానికి కూడా ధైర్యం లేనివాడు, ఆమె ఫోటో పక్కన కళ్ళు ఒత్తుకున్నాడు. కోపం చదివేవాళ్ళకు వదిలిపెట్టమన్నారు మేడం. ఈ ఒక్కసారికి నావల్ల కావడం లేదు.

ఆ తరవాత ఆమె కేజీఎఫ్‌లో ట్యూషన్లు చెప్పుకుని బతికారు. నేను దినపత్రికలో చేరాను. ఏ వార్త రాసినా, పంపే ముందు అవతలి మనిషికి చదివి వినిపిస్తూనే వచ్చాను. కొందరు బెదిరించారు, కొందరు నా తప్పులు దిద్దారు. "ఏమ్మా, ముద్దాయికి హారతి ఇచ్చి వచ్చినావా?" అని డెస్కులో వాళ్ళు ఏడిపించేవారు. ఫోనులో ఈ మాట చెప్తే మేడం పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు నేను విన్నది అదే మొదటిసారి.

సభలో భవాని ఇంకా నిలబడే ఉంది.

"ఇది సంతాప సభ తల్లీ, సందర్భం చూడల్ల గదా. ఆ కాగితం మా పీఏకు ఇచ్చిపో, చూస్తాను" అన్నారు ఆయన.

"ఇచ్చేది కాదు సార్. మీరు వినేది" అంది భవాని.

వరండాకు వెనక తలుపు లేదు. ఆయన నిలబడి వినవలసి వచ్చింది. హాస్టల్లో తాగే నీళ్ళు ఇప్పటికీ ఉప్పగానే ఉన్నాయి. గోడపత్రిక బోర్డు ఎవరికీ చెప్పకుండా తీసేశారు. కాగితంలో ఉన్నది ఆ రెండు సంగతులే, ఒక్క విశేషణం లేదు. ఆయన "నోట్ చేసుకున్నాం" అని కారెక్కారు. భవాని కాగితాన్ని గోడకు అంటించబోతే తడి రంగు మీద నిలవలేదు. మేడం ఫోటో చట్రానికి గుచ్చింది. మర్నాటికి ఫోటో, కాగితం రెండూ లేవని ఫోను చేసి చెప్పింది.

ఇది అచ్చుకు పంపే ముందు ఆయనకు చదివి వినిపించాలి. వారం నుంచి వాళ్ళ ఆఫీసుకు ఫోను చేస్తున్నాను. సార్ మీటింగులో ఉన్నారంటున్నారు. హాస్టల్ కొళాయిలో నిన్న కూడా ఉప్పు నీళ్ళే వచ్చాయి.