ఎల్లొత్తానని అనని మా అత్త

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున సైకిలు మీద డ్యూటీకి వెళ్తుంటే ఇనుప కడ్డీల లారీ కొట్టేసింది. తాను ఆయాగా పనిచేసే ఆసుపత్రికే ఆమెను మోసుకొచ్చారు. నేను చేరేసరికి ఊపిరి లేదు. ఆ లారీని తగలబెట్టాలనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

భిలాయి పక్క నందిని ఊళ్లో, సున్నపురాయి గనుల దగ్గర మా రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలుండేవి. చుట్టూ తవ్వేసిన గోతులే. వానలకి అవి నిండితే ఒక్క గట్టే దారి, అందుకే శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాళ్లు దాన్ని లంక అన్నారు. భిలాయి ఉక్కు ప్లాంటులో పని దొరికినవాళ్లు ఒక్కొక్కరే అక్కడి క్వార్టర్లకి పోతుంటే, మిగిలిన పెద్దలు ఆడపిల్లల్ని మరీ బిగించి పట్టారు. లంక పిల్ల లంకలోనే పెళ్లాడాలి, గట్టు దాటకూడదు. అత్తకేమో భిలాయి వెళ్లి ఉద్యోగం చెయ్యాలని ఒకటే పిచ్చి.

ఒకరోజు మూట కట్టుకుని గుమ్మంలో నిలబడి "ఎల్తాను" అంది. మా ఇళ్లలో ఎవరూ అనకూడని మాట అది.

"సచ్చినోల్లే అలగెల్తారే! ఎల్లొత్తానను!" అని మా నాన్న సుత్తి కర్ర ఎత్తాడు.

"మరి రాను గదా అన్నా, అబద్దం ఎందుకాడాల?"

కర్ర ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

అది వంకరగా అతుక్కుంది. అత్త మళ్లీ బయల్దేరింది, ఈసారి గనిలో పేలుళ్ల సైరన్ మోగాక, ఎర్రజెండా దాటి. వెంటపడ్డ మగాళ్లంతా జెండా దగ్గరే ఆగిపోయారు. నెత్తిన రాళ్లు పడ్డాయి. నెత్తురు కారుతున్న నుదుటితో, వెనక్కి తిరక్కుండా నడిచింది.

కొన్నేళ్లకి నేనూ పారిపోయి భిలాయిలో ఆమె పంచనే చేరాను. అన్నం పెట్టింది, బడిలో వేసింది, తలుపులు విసిరికొడితే నాలుగు తగిలించింది కూడా. వార్డులో అందరికీ దీదీ. ఎక్కడికి బయల్దేరినా "ఎల్తానమ్మీ" అనేది.

"ఎల్లొత్తానని అనవే అత్తా" అని పోరేదాన్ని.

"నీ దగ్గరికి రాకెక్కడికి పోతానే? సెప్పాలేటి?" అని నవ్వేది.

ఆ మంగళవారం సాయంత్రం, అత్తను ఇంటికి తెచ్చాక, లంక నుంచి నాన్న, పెద్దలు వచ్చారు. "మనోల్ల మద్దెనే కప్పెడదాం, లంకకి తీస్కెల్తాం" అన్నారు.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అత్త ఎల్లొత్తానన్లేదు నాన్నా."

నాన్న ఆమె పక్కన కూలబడి, ఆ వంకర మణికట్టును తిన్నగా పెట్టబోయాడు. రెండు చేతులతో పట్టినా అది లొంగలేదు.