ముప్పై సున్నాలు

సోమవారం ఉదయం ఆత్మకూరు బస్టాండులో ప్రవీణ్‌కుమార్ బస్సులోంచి వెనక్కి తిరిగి దిగాడు. నిచ్చెన దిగినట్టు, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ పళ్ళు బిగించి.

"ఏందిరా, దిగతావా, ఆడ్నే కాపురం పెడతావా?" వెనకాల ఎవరో అరిచారు.

కింద కాగితాలు పెట్టిన అట్ట పట్టుకుని నిలబడిన రేణుకాదేవి అదంతా చూసింది. "తొడల నొప్పి పదికి ఎంత?" అని అడిగింది.

"సున్నా మేడం. ఇంకో మూడు రౌండ్లు వెయ్యమన్నా వేస్తా" అని అతను పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాడు.

రేణుకాదేవికి ముప్పై ఒకటి. ఉదయగిరి కొండ పక్క పల్లెలో గొర్రెలు మేపే కామయ్య కూతురు. ఫిజియోథెరపీ చదివి, ఆత్మకూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పట్టేసిన నడుములూ బిగుసుకున్న భుజాలూ సరిచేస్తుంది. రెండేళ్ళలో ముగియాల్సిన పైచదువు నాలుగేళ్ళు సాగింది. మిగిలింది పరిశోధన ఒక్కటే. గడువు రెండుసార్లు పెంచారు. మూడోది, ఆఖరుది, ఈ శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు. అది దాటినా, పరిశోధన చెల్లదన్నా పేరు కొట్టేస్తారు. మళ్ళీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి.

ఆమె పట్టుకున్న ప్రశ్న చిన్నది. పరుగుకు ముందు ఒళ్ళు సాగదీస్తే మర్నాటి నొప్పి తగ్గుతుందా? తగ్గుతుందని ప్రతి మైదానంలోనూ గుడిలో తీర్థం ఇచ్చినంత నమ్మకంగా చెబుతారు. ఈ చుట్టుపక్కల ఒక్కరూ కొలిచి చూసిన పాపాన పోలేదు. కానిస్టేబుల్ పరీక్షకు పరుగు నేర్చుకుంటున్న ముప్పై మందిని ఆదివారం ఉదయగిరి కొండకు తీసుకెళ్ళింది. పదిహేను మంది చేత ముందు కాళ్ళు సాగదీయించింది, మిగతా పదిహేను మందిని ఊరికే ఉంచింది. అందరినీ మెట్ల మీద మూడుసార్లు ఎక్కించి, పరిగెత్తిస్తూ దింపింది. ఎక్కేటప్పుడు ఉండేది ఆయాసమే. దిగేటప్పుడు తొడ కండరం ఒంటి బరువుకు బ్రేకు వేస్తూ నలిగిపోతుంది. ఆ నొప్పి మర్నాడు మొదలై, రెండోరోజుకు ముదిరి, నాలుగైదు రోజుల్లో దానంతటది పోతుంది. కొలవడానికి మూడు రోజులే అదను.

సోమవారం ముప్పై మందీ సున్నా అన్నారు. కూర్చున్నవాళ్ళు లేవడానికి ఒకరి భుజం ఒకరు పట్టుకుంటూనే సున్నా అన్నారు. ముందుకు వంగి వేళ్ళు చాపమంటే ఆదివారం పాదాలు దాటిన వేళ్ళు ఇప్పుడు పిక్కల దగ్గరే ఆగాయి. టేపు అబద్ధం చెప్పలేదు. కానీ ఆమె రాయాల్సింది నొప్పి గురించి, దానికి మనుషులు నోరు విప్పాలి.

తప్పు ఎక్కడ జరిగిందో మంగళవారం తెలిసింది. ఈ జట్టుకు పరుగు నేర్పేది రిటైరైన హెడ్ కానిస్టేబుల్ వెంగయ్య. మాట వింటారని ఆయన్నే పక్కన నిలబెట్టుకుని కాగితాలు నింపించింది. "పోలీసుకి నొప్పేందమ్మా? నొప్పి అన్నోడిని ఇంటికి పంపేస్తా" అని ఆయన సరదాకి అన్నాడట. ఎవరికీ సరదాగా వినబడలేదు.

జట్టులో చేజర్ల నుంచి వచ్చే పావనిని మైదానం పక్కనున్న నేరేడు చెట్టు వెనక్కి తీసుకెళ్ళి, నిజంగా నొప్పి ఎంతని అడిగింది.

"మీ కాయితాలు సెలెక్షన్‌కి పోతాయంట గదా మేడం?"

"ఎవరు చెప్పారు? పోవు."

"ఒట్టు?"

"ఒట్టు."

"తొమ్మిది. రాత్రి బాత్‌రూమ్‌లో కూచున్నదాన్ని లేవలేకపోయినా. మాయమ్మ వచ్చి లేపింది. కానీ రాయబాకండి. నాకిది ఆఖరి ఛాన్సు, వయసైపోతా ఉండాది."

"రాయను" అంది రేణుకాదేవి. అన్నాక నాలుక కరుచుకుంది.

ఆ సాయంత్రం ఫోనులో, ఆమె పరిశోధన చూసే గైడు సారు విసుక్కున్నాడు. "ఇంకో ముప్పై మందిని తే, లేకుంటే నాలుగో ఐదో ఆరో వేసెయ్. ఎవరొచ్చి చూస్తారు?"

కొత్తవాళ్ళను పోగేసి మూడు రోజులు కొలిచే టైము లేదు. పరీక్ష రెండు వారాల్లో ఉందని ఈ పిల్లలను వెంగయ్య మళ్ళీ కొండెక్కనివ్వనన్నాడు. బుధవారం కూడా సున్నాలే. ఇక దారి లేక ఉదయగిరి బస్సెక్కి ఇంటికి పోయింది. కామయ్య పక్కకి తిరిగి, గోడ పట్టుకుని వసారా మెట్టు దిగుతున్నాడు.

"నాయనా, మోకాలు నొప్పా?"

"నొప్పేంది? మెట్టు వంకరగా ఉండాది."

"పదికి ఎంత?"

"మెల్లిగా మాట్లాడమ్మే. ఊళ్ళోవాళ్ళు నా కాలు బాగలేదని వింటే జీవాల్ని ఇంకోడికి అప్పజెప్తారు."

ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇలాంటి ఇంట్లో పుట్టి, నొప్పి అడిగితే జనం చెబుతారని ఎలా అనుకుందో ఆమెకే అర్థం కాలేదు.

శుక్రవారం నాలుగున్నరకు ఆసుపత్రి గదిలో లాప్‌టాప్ తెరిచింది. ప్రవీణ్‌కుమార్ గడిలో ఆరు కొట్టింది. అది సారు చెప్పిన లెక్క. చెరిపేసింది. పావని గడిలో తొమ్మిది కొట్టింది. అది నిజం. మాట గుర్తొచ్చి అదీ చెరిపేసింది. ముప్పై గళ్ళలో ముప్పై సున్నాలు పెట్టి, కింద ఒక్క వాక్యం రాసింది: పాల్గొన్నవారు నొప్పి చెప్పడానికి భయపడ్డారు, కాబట్టి ఈ అంకెల నుంచి ఏదీ తేల్చలేము. ఐదుకు పది నిమిషాలుందనగా పంపేసింది.

రెండు నిమిషాలకే ఫోను.

"ఇదేంటమ్మా, ముప్పై సున్నాలు? ఫెయిల్ చేస్తారు."

"తెలుసు సార్."

"మరి?"

"వాళ్ళు చెప్పింది అదే సార్."

ఆయన పెట్టేశాడు. ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది. తన ముప్పై ఒకటికి ఇంకో రెండేళ్ళు కలిపి, ఆ రెండూ నాలుగయ్యే సంగతి గుర్తొచ్చి ఆపేసింది.

తలుపు దగ్గర ప్రవీణ్‌కుమార్. కుడికాలు నేల మీద ఆనడం లేదు.

"వారమంతా ఆపకుండా ఉరికినా మేడం. పొద్దున తొడ వెనకాల టప్‌మన్నట్టయింది. వెంగయ్య సారుకి చెప్పబాకండి."

బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి పెట్టింది. కండరం మధ్యలో గుంట వేలికి తగిలింది.

"ఎంత?"

అతను తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"పది" అన్నాడు. "పరీక్షకి తగ్గిపోద్దిగదా?"

పరీక్షకు పదకొండు రోజులుంది. ఈ కాలు మళ్ళీ పరిగెత్తాలంటే ఆరు వారాలైనా పడుతుంది. రేణుకాదేవి ఐసు సంచీ తెచ్చి, తొడ కింద పెట్టి, అతని పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది, ఆ మాట చెప్పడానికి.